వైపనివాడి బిడ్డ కళ్ళు

మా వాడలో అందరికంటే చురుకైన కళ్ళు మా నవీనవి. ఈ మాట నేను నాలుగేళ్ళ పాటు చాయ్ హోటల్లో, షెడ్డులో, పెళ్ళి పందిళ్ళలో, ఎక్కడ పడితే అక్కడ చెప్పాను. అడిగినవాడికీ చెప్పాను, అడగనివాడికీ చెప్పాను. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం నేను. మా ఆవిడ అనసూర్యను అడగండి, నాకు కోపం ముక్కు మీద ఉంటుందనీ మెదడు మోకాల్లో ఉంటుందనీ చెబుతుంది. రెండూ నిజమే.

నా పేరు దశరథం. సిరిసిల్లలో వైపని చేస్తాను. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. సాంచా మీద ఒక పడుగు నేసి అయిపోయాక కొత్త పడుగు ఎక్కిస్తారు. పాత పడుగు కొసలు సాంచాలోనే మిగిలి ఉంటాయి. ఆ ఒక్కో కొసకూ కొత్త పడుగు కొసను కలిపి, వేళ్ళకు బూడిద అద్దుకుని పురి పెట్టాలి. అదే వైపని. వేల పోగులుంటాయి. ఒక్క పోగు తప్పినా బట్ట పొడుగునా గీత పడుతుంది. ఆ గీతను చూసి యజమాని తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను.

నలభై ఒకటో ఏట నా చూపు మారింది. దూరానివి బాగానే కనిపించేవి. వేములవాడ బస్సు మలుపు తిరగకముందే బోర్డు చదివేవాణ్ణి. చేతిలోని దారమే కనిపించేది కాదు. చెయ్యి చాపి చూస్తే కొంత నయం, కానీ చెయ్యి చాపి పురి పెట్టడం ఎవడి వల్లా కాదు. అద్దాలు పెట్టుకోవచ్చు కదా అని మీరు అంటారు. వైపనివాడు అద్దాలు పెట్టుకోడు. మా దగ్గర అదొక పట్టింపు. అద్దాలు పెట్టాడంటే వాడి పని అయిపోయిందని అర్థం, మరుసటి వారం ఇంకొకణ్ణి పిలుస్తారు. మా బాపు కూడా పెట్టుకోలేదు. చివరి రోజుల్లో పోగులను తడిమి తడిమి కలిపేవాడు. తర్వాత అదే షెడ్డుకు గేటు దగ్గర కాపలా కూర్చున్నాడు.

నవీనకు అప్పుడు ఐదు నిండి ఆరు. ఒక ఆదివారం నాకు సద్ది తెచ్చింది. నేను తెగిన పోగు ఒకటి దొరక్క పావుగంట నుంచి వెతుకుతున్నాను, పక్కన ఉన్నవాళ్ళను అడగడానికి మనసొప్పడం లేదు. అది సద్ది గిన్నె కింద పెట్టి, పడుగుకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగింది. రెండు వేళ్ళతో పోగును పట్టుకుని పైకి తీసింది. ఇదేనా బాపూ అని అడిగింది. అదే.

అప్పటి నుంచి బడి అయ్యాక రెండు గంటలు, ఆదివారాలు పొద్దంతా నా పక్కన చిన్న పీట మీద కూర్చునేది. అది పోగు తీసి ఇస్తే నేను వేళ్ళతో పురి పెట్టేవాణ్ణి. పురికి కళ్ళతో పని లేదు, వేళ్ళకు తెలుసు. సాంచాల యజమాని రాంచందర్ మొదట వద్దన్నాడు, పిల్లను పనిలో పెట్టినట్టు ఎవరైనా చూస్తే తన మీదికి వస్తుందని. పని కాదు, బిడ్డ బాపు పక్కన కూర్చుంటుంది, అంతేనని చెప్పి షెడ్డు తలుపు దగ్గరికి వేసుకున్నాను. నెల తిరక్కముందే ఆయనే వచ్చినవాళ్ళకు నవీనను చూపించి, వెంట్రుక సందున వెంట్రుకను తీస్తుంది ఈ పిల్ల అని చెప్పేవాడు. అది సిగ్గుపడి తల ఇంకా కిందికి వంచేది.

మా అమ్మ చంద్రవ్వకు భయం పట్టుకుంది. ఇంతమంది నోళ్ళలో పడితే పిల్ల కళ్ళకు దిష్టి తగులుతుందని ప్రతి ఆదివారం ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు. ఎన్నిసార్లు వేసినా ఘాటు వచ్చేది, మేమందరం దగ్గేవాళ్ళం. అంటే దిష్టి లేదన్నమాట.

నవీన మూడో తరగతిలో ఉన్నప్పుడు భానుప్రసాద్ సారు నన్ను బడికి పిలిపించాడు. పిల్ల బోర్డు మీది లెక్కలు రాయడం లేదని, పక్క పిల్ల నోటుబుక్కు చూసి రాస్తోందని, ముందు బెంచీలో కూర్చోబెట్టినా కళ్ళు చికిలించి చూస్తోందని చెప్పాడు. కంటి డాక్టరుకు చూపించమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో ఎవరికి లోపముందన్నా వినేవాణ్ణే, ఈ పిల్ల కళ్ళకు లోపమంటే వినగలనా. చొక్కా మీద అంటుకుని ఉన్న దారం ముక్క తీసి నవీన చేతికి ఇచ్చాను. ఇది ఎన్ని పోగుల దారమో సారుకు చెప్పు బిడ్డా అన్నాను. అది దారాన్ని కంటి దగ్గర పెట్టుకుని, రెండు పోగులు, ఒకటి కొంచెం లావు, ఒకటి సన్నం అని చెప్పింది. సారు తీసుకుని చూశాడు, ఆయనకు ఒక్కటే కనిపించింది.

ఆయన కోపం తెచ్చుకోలేదు. నవీనను భుజం పట్టి తిప్పి, వరండా చివర గోడ గడియారం చూపించి టైమెంతని అడిగాడు. అది చాలాసేపు అటు చూసింది. ఇంటర్వెల్ బెల్లు కొట్టి చాలాసేపు అయింది సార్ అన్నది. నేను వెంటనే అందుకున్నాను, గడియారం చూడటం మీరు నేర్పలేదు కాబట్టి చెప్పలేకపోయిందని. పిల్లకు చదువు చెప్పలేక కళ్ళ మీద పెడుతున్నారా అని కూడా అన్నాను. భానుప్రసాద్ సారు నన్ను అట్లాగే చూసి, మంచిది దశరథం అని లోపలికి వెళ్ళిపోయాడు. నేను గెలిచానని అనుకున్నాను. ఆ గెలుపు నా బిడ్డకు ఒక ఏడాది పోగొట్టింది.

ఏడాది తర్వాత ఒక శనివారం. పొద్దున మా బంధువుల పెళ్ళికి వెళ్ళి, అటు నుంచి అటే నవీనను తీసుకురావడానికి బడికి వెళ్ళాను. రోజూ వేసుకునే నీలం గళ్ళ చొక్కా కాకుండా పెళ్ళికని కొత్త తెల్లచొక్కా వేసుకున్నాను. రోడ్డుకు ఇవతల నిలబడ్డాను. బడి వదిలారు. నవీన గేటు దాటి వచ్చి రోడ్డు అంచున నిలబడి నా వైపు చూసింది. నేను చెయ్యి ఎత్తి నవ్వాను. సరిగ్గా నా ముఖంలోకే చూసింది. తర్వాత తల పక్కకు తిప్పింది. నాకు పది అడుగుల దూరంలో మిర్చిబండి దగ్గర ఎవడో నీలం గళ్ళ చొక్కావాడు నిలబడి ఉన్నాడు. అది రోడ్డు దాటి తిన్నగా వెళ్ళి వాడి చెయ్యి పట్టుకుంది.

వాడు ఉలిక్కిపడి చూశాడు. అది తల ఎత్తి వాడి ముఖం చూసి చెయ్యి వదిలేసింది. ఏడవలేదు. అక్కడే నిలబడి, బాపూ అని మెల్లగా పిలిచింది, ఏ దిక్కుకూ కాదు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఇంటికి వెళ్ళాక బీడీలు చుట్టుకుంటున్న అనసూర్యకు, సోమవారం కరీంనగర్ పోదామని మాత్రం చెప్పాను. ఆమె చేతిలోని ఆకు అట్లాగే పట్టుకుని నన్ను చూసింది. పిల్ల కళ్ళు చూపిద్దామని ఆమె అప్పటికి రెండేళ్ళుగా చెబుతోంది, నేనే నోరు మూయించాను.

కరీంనగర్‌లో కళ్ళ డాక్టరు పేరు గౌహర్. నడి వయసు మనిషి, గట్టిగా మాట్లాడదు. నవీన కళ్ళల్లో మందు వేసి గంటసేపు కూర్చోబెట్టారు. తర్వాత ఏవో మిషన్ల ముందు గడ్డం ఆనించి చూశారు. లోపలికి పిలిచాక డాక్టరమ్మ ముందు ఫోన్ సంగతి అడిగింది. ఎన్ని గంటలు చూస్తదని. నేను ఛాతీ విరిచాను. ముట్టనివ్వం మేడం, మా ఇంట్లో పిల్లకు ఫోన్ అలవాటు చెయ్యలేదు అన్నాను. మంచి పని చేశారన్నది. మరి దగ్గర పెట్టుకుని చేసే పని ఇంకేమన్నా ఉందా అని అడిగింది.

అనసూర్య నా వైపు చూసింది. నేను వైపని సంగతి చెప్పాను. దాచాలని కాదు, నాకు అప్పటికింకా అది గొప్పే. దీని కళ్ళు ఎంత చురుకో మీకు తెలియదు మేడం, వెంట్రుక మందం దారం తీస్తుంది, దూరపు చూపే ఏదో దెబ్బతిన్నది అన్నాను.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "దగ్గరిది గంత మంచిగ కనబడుడే ఈ బీమారీకి నిషానీ, దశరథంగారూ. కండ్లు చురుకు గాదు. దూరం పోయినంక దగ్గరే మిగిలింది పిల్లకు."

నాకు చెవుల్లో సాంచాల చప్పుడు వినిపించినట్టయింది. తర్వాత ఆమె చెప్పినవన్నీ విన్నాను, గుర్తున్నాయి కూడా. కుడి కన్ను మైనస్ ఐదు, ఎడమ కన్ను నాలుగున్నర. తొమ్మిదేళ్ళ పిల్లకు ఇది చాలా ఎక్కువ. కనుగుడ్డు వయసుకు మించి పొడుగు పెరుగుతోంది. అద్దాలు పెడితే దూరానివి కనిపిస్తాయి, కానీ అద్దాలు ఆ పెరుగుదలను ఆపవు. ఇట్లాగే పెరుగుతూ పోతే కంటి లోపలి పొర పలచబడుతుంది, పెద్దయ్యాక అది చిరిగిన రోజు చూపే పోవచ్చు. పెరిగింది మళ్ళీ తగ్గదు. ఇక పెరగబోయేదాన్ని మాత్రం కొంత నెమ్మది చెయ్యొచ్చు. దానికి రోజూ పడుకునే ముందు ఒక్కో చుక్క మందు. రోజూ రెండు గంటలు ఆరుబయట, పగటి వెలుతురులో. దగ్గరి పని బడి చదువు మట్టుకే, అదీ మధ్యమధ్య తల ఎత్తి దూరం చూస్తూ. ఆరు నెలలకు మళ్ళీ కొలత.

దారాల వల్లేనా అని అనసూర్య అడిగింది. ఒక్క దానివల్లే అని ఎవరూ చెప్పలేరు, పుట్టుకతో వచ్చే గుణం కూడా ఉంటుంది అన్నది డాక్టరమ్మ. ఆ మాట పట్టుకుని నేను హాయిగా ఉండొచ్చు. కొన్నాళ్ళు ప్రయత్నించాను కూడా.

బయటికి వచ్చాక నాకు ఏడుపు రాలేదు. ఆకలి వేసింది. బస్టాండు దగ్గర ముగ్గురం ఇడ్లీ తిన్నాం. మందు వేసిన కళ్ళకు ఎండ పడక నవీన తల వంచుకుని తింటోంది. చట్నీ కావాలా అని అడిగాను. కావాలన్నది.

నాలుగు రోజులకు అద్దాలు వచ్చాయి. పెట్టుకుని ఇంటి ముందుకు వెళ్ళి, వాడ చివరిదాకా చూసి వచ్చింది. వాళ్ళ అమ్మ పక్కన కూర్చుని అడిగింది.

"అవ్వా, అందరు దూరం నుంచే నవ్వుతరా?"

అనసూర్యకు అర్థం కాలేదు. అది మళ్ళీ చెప్పింది. మనుషులు దగ్గరికి వచ్చాకే నవ్వుతారని అది ఇన్నాళ్ళూ అనుకుందట. దూరంగా ఉన్నప్పుడు ఎవరికీ ముఖంలో ఏమీ ఉండదనుకుందట. అనసూర్య బీడీల చాట పక్కకు నెట్టి లోపలికి వెళ్ళింది.

చుక్కల మందు వేసే బాధ్యత అనసూర్య తీసుకుంది. ఒక్క రోజు తప్పలేదు. ఆరుబయట రెండు గంటలు ఆడించే బాధ్యత మా అమ్మ తీసుకుంది. బడి నుంచి రాగానే అరుగు మీద కూర్చుని, పో బిడ్డా, ఎండల ఆడుకో పో అని తరిమేది. కానీ దానికి ఆడుకోవడం రాదు. తోటి పిల్లలు బిళ్ళలాట ఆడుతుంటే ఇది గోడ దగ్గర నిలబడి, అద్దాలు పడిపోతాయేమోనని ఒక చేత్తో పట్టుకుని చూసేది. ఆటలు నేర్చుకునే వయసులో నా పక్కన పీట మీద కూర్చుంది, ఇక ఎట్లా వస్తాయి.

నేను ఒంటరిగా పనికి వెళ్ళాను. మూడు నెలల్లో రెండుసార్లు రాంచందర్ బట్ట మీద గీతలు పడ్డాయి. మొదటిసారి ఆయన ఏమీ అనలేదు. రెండోసారి బట్టను వెలుతురుకు పట్టి చూపించి, ఏంది దశరథం, చెయ్యి తప్పుతుందా అని అడిగాడు. చెయ్యి కాదు, దారమే నాసిరకమని కసిరాను. ఆయన ఊరుకున్నాడు. కానీ ఆ వారంలోనే పెద్ద చీరల ఆర్డర్ వచ్చింది. ఈసారి పనిలో ఏ తేడా రాకూడదని అందరి ముందూ చెప్పాడు, చెబుతున్నప్పుడు నన్నే చూశాడు. మా బాపు కూర్చున్న గేటు దగ్గరి కుర్చీ ఇంకా అక్కడే ఉంది.

ఆ ఆదివారం నవీనను మైదానానికి తీసుకెళ్తున్నానని ఇంట్లో చెప్పాను. ఎండలో తిరుగుతుంది, నాకూ తీరిక అన్నాను. మా అమ్మ సంతోషించి, ఇద్దరికీ మురుకులు కట్టి ఇచ్చింది. మలుపు తిరిగాక నవీనకు చెప్పాను, ఒక్క పడుగే బిడ్డా, ఒక్కటే అని. అది ఎగిరి గంతేసినంత పని చేసింది. షెడ్డులోకి వెళ్ళగానే పీట తెచ్చుకుంది, అద్దాలు తీసి మడిచి గౌను జేబులో పెట్టుకుంది. అద్దాల్లేకుంటేనే దారం మంచిగ కనబడ్తది బాపూ అన్నది. మళ్ళీ ముక్కు పడుగుకు ఆనింది.

ఒక్క పడుగు అన్నాను. పది ఆదివారాలయ్యాయి. మధ్యలో సెలవు రోజులు కూడా కలిశాయి. గీతలు పడలేదు, రాంచందర్ నా భుజం తట్టాడు. నాకు భయం వేయలేదా అంటే, వేయలేదు. ఏదీ తెలియనట్టే ఉండేది. పడుగులు అవుతుండేవి, ఆదివారాలు పోతుండేవి. నవీన ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు, చెప్పొద్దని నేను అనలేదు కూడా.

ఆరు నెలలకు మళ్ళీ కరీంనగర్ వెళ్ళాం. అవే మిషన్లు, అదే గది. డాక్టరమ్మ పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. కుడి కన్ను ఐదు ముప్పావుకు వచ్చింది. ఎడమది ఐదుంబావు. కనుగుడ్డు పొడుగు కూడా ఆ మేరకే పెరిగింది. మందు వాడుతూ ఆరు నెలల్లో ఇంత పెరగకూడదు అన్నది. చుక్కలు సరిగ్గా వేస్తున్నారా అని అడిగింది. అనసూర్య ఖాళీ సీసాలు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. అన్నీ దాచి తెచ్చింది.

అయితే బయట ఆడుతున్నదా అని అడిగింది డాక్టరమ్మ. అనసూర్య జవాబు చెప్పబోయింది. నవీన ముందే అందుకుంది.

"ఆడుతున్న మేడం. రోజు రెండు గంటలు. ఐతారం ఐతే బాపు మైదానం తీస్కపోతడు, పొద్దంత గాడనే ఉంటం."

ఎక్కడా తడబడలేదు. నా వైపు చూడలేదు. కళ్ళకు మందు వేసి ఉంది, డాక్టరమ్మ ముఖం దానికి కనిపిస్తోందో లేదో కూడా తెలియదు. అనసూర్య అవునన్నట్టు తల ఊపింది, ఆమెకు తెలిసింది అదే మరి. మా అమ్మ కట్టిచ్చిన మురుకులు కూడా ఆమెకు గుర్తుండి ఉంటాయి.

డాక్టరమ్మ నిట్టూర్చింది. అన్నీ చేస్తున్నా పెరుగుతున్నదంటే చుక్కల మందు ఈ పిల్లకు చాలడం లేదు, మందు బలం పెంచి చూద్దాం అన్నది. మందు బలం పెరిగితే ఎండ చూడటం కొంత కష్టం కావచ్చు, పుస్తకం చదవడం మసకగా ఉండొచ్చు, అలవాటవుతుందిలే అన్నది. పెన్ను తీసి రాయడం మొదలుపెట్టింది.

నేను ఆ పెన్ను వైపు చూశాను. నోరు మూసుకుని ఉంటే అయిపోతుంది. బిడ్డే నన్ను కాపాడింది, ఇక నేను చెయ్యాల్సింది ఏమీ లేదు. లేచి సంచి పట్టుకుని బస్సెక్కడమే. తొమ్మిదేళ్ళ పిల్ల నా కోసం ఇంత సాఫీగా అబద్ధమాడటం ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు. నా దగ్గరే నేర్చుకుని ఉంటుంది.

"రాయకుండ్రి మేడం. మైదానం లేదు, ఏం లేదు. ఐతారం ఐతారం నేనే షెడ్డుల కూసోవెడుతున్న. దారాలు తీయిస్తున్న. ఇంట్ల సుత ఎవలకు ఎరుక లేదు."

పెన్ను ఆగింది. నవీన తల వంచుకుంది. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. అట్లయితే మందు బలం ఇప్పుడే పెంచను, ముందు చెప్పినవి చెయ్యండి, ఆరు నెలలు వద్దు, ఈసారి మూడు నెలలకే చూస్తాను అన్నది. ఆ ముప్పావు ఇక వెనక్కి రాదని కూడా చెప్పింది. అది చెప్పేటప్పుడు నా వైపు కాకుండా కాగితం వైపు చూసింది. అనసూర్య నవీన అద్దాలు తీసుకుని కొంగు అంచుతో తుడుస్తోంది. అవి శుభ్రంగానే ఉన్నాయి, అయినా తుడుస్తూనే ఉంది.

మెట్లు దిగాక అనసూర్య ఆగింది. గొంతు పెంచలేదు.

"వైపనోడు అద్దాలు పెడితే నామోషి అంటివి. దాని మొకాన లేవా అద్దాలు? నీ నామోషి అంత తీసి దాని ముక్కు మీద వెడితివి."

ఆసుపత్రి పక్కనే ఇబ్రాహీం అని ఒకాయన అద్దాల దుకాణం ఉంది, నవీన అద్దాలు అక్కడే చేయించాం. లోపలికి వెళ్ళి, దగ్గరివి కనిపించే అద్దాలు కావాలని అడిగాను. ఆయన ఒక అట్ట నా చేతికి ఇచ్చి చదవమన్నాడు. పై రెండు వరుసలు చదివి ఆగిపోయాను. వయసెంత అన్నాడు, చెప్పాను. ఇన్నేళ్ళు ఎట్ల వెళ్ళదీశారు అని ఆశ్చర్యపోయాడు. నవీన వైపు వేలు చూపించాను. ఆయన అర్థం కాక నవ్వాడు.

అద్దాలు పెట్టాడు. అట్ట మీద చివరి వరుస దాకా కనిపించింది. సరిగ్గా ఉన్నాయా లేవా చూద్దామని నవీన నా ముందుకు వచ్చి, తనకు అలవాటైనట్టు ముఖాన్ని నా ముఖం దగ్గరికి తెచ్చింది. అప్పుడు దాన్ని చూశాను. ముక్కుకు రెండు పక్కలా అద్దాలు ఒత్తుకుని నల్లటి గుంటలు పడ్డాయి. ఎడమ కనుబొమ్మలో చిన్న గాటు ఉంది, ఎప్పుడు పడిందో తెలియదు. కింది పెదవి కింద పుట్టుమచ్చ ఉంది. రోజూ ఒళ్ళో కూర్చునే పిల్ల ముఖాన్ని నేను నాలుగేళ్ళుగా మసకగానే చూస్తున్నాను, అది కూడా నాకు తెలియదు.

"కనబడుతుందా బాపూ?"

కనబడుతుంది బిడ్డా అన్నాను.

"దారం సుత కనబడుతదా?"

కనబడుతుందన్నాను. అది కాసేపు అద్దాల వంక చూసింది. సంతోషిస్తుందనుకున్నాను.

"మరి నేనేం జెయ్యాలె?"

బయట ఆడుకో అన్నాను. గంతేనా అన్నది. గంతే అన్నాను. బస్సులో అది కిటికీ పక్కన కూర్చుని, వాళ్ళ అమ్మ చెప్పినట్టు దూరం చూస్తూ వచ్చింది. డాక్టరమ్మ దగ్గర అది అబద్ధమాడింది నన్ను కాపాడటానికే అనుకున్నాను. సగమే నిజం. ఊళ్ళో దాన్ని మెచ్చుకున్న చోటు ఆ పీట ఒక్కటే.

మరునాడు అద్దాలు పెట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. సాంచాలు నడుస్తుండగానే నలుగురు తల తిప్పి చూశారు. ఎవరో ఏదో అన్నారు, చప్పుడులో వినిపించలేదు. రాంచందర్ వచ్చి నా ముఖం చూసి, అద్దాలొచ్చినయా అన్నాడు. వచ్చాయన్నాను. సరేనని వెళ్ళాడు. వచ్చే పడుగుల్లో సగం వేరేవాడికి చెప్పాడని సాయంత్రానికి తెలిసింది. కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు.

ఆ తర్వాతి ఆదివారం నుంచి షెడ్డు తలుపు బార్లా తెరిచి పెట్టాను. ఎదురుగా పాత గోదాము ముందు ఖాళీ జాగా ఉంది. వాడ పిల్లలు అక్కడ ఆడతారు. నవీనను అక్కడ వదిలి, నువ్వు నాకు కనబడేటట్టు ఆడుకో అని చెప్పి లోపలికి వచ్చాను. పీట తీసి గోడకు ఆనించాను. ఒక్కో పోగూ తీసుకుని పురి పెడుతున్నాను. పోగులు నిజంగానే కనిపిస్తున్నాయి, ఒకటి లావు, ఒకటి సన్నం.

గంట తర్వాత తల ఎత్తి బయటికి చూశాను. ఈ అద్దాలతో దూరం చూడొద్దని ఇబ్రాహీం చెప్పాడు, మరిచిపోయాను. ఎండలో రంగులు కదులుతున్నాయి. ఎర్రది ఒకటి, పసుపుది ఒకటి, తెల్లవి రెండు. పిల్లలని తెలుస్తోంది. ఒక్కరికీ ముఖం లేదు. వాటిలో నా బిడ్డ ఏదో తెలియలేదు. అద్దాలు తీస్తే తెలిసేది. చెయ్యి అద్దాల దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ రోజు రోడ్డు అవతల నుంచి అది చూసింది ఇదే. ఎన్నేళ్ళ నుంచో అది అందరినీ ఇట్లాగే చూసింది.

పొద్దున నవీన ఎర్ర గౌను వేసుకుందని గుర్తొచ్చింది. ఆ ఎర్ర రంగు వైపు చెయ్యి ఎత్తి ఊపాను. నవ్వాను కూడా. ఎర్ర రంగు కదలలేదు.

"బాపూ," అని తలుపుకు ఇటు పక్క, ఇంకో ఎర్ర రంగు నుంచి పిలుపు వినిపించింది. "గామె నేను గాదు. నేను గీడున్న."

అటు తిరిగి చెయ్యి ఎత్తాను.